టెండర్లలో "జీరో డౌన్‌టైమ్" అని రాసే పెద్దలకు ఒక డీబీఏ బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో డయాగ్నస్టిక్ ల్యాబులు, నర్సింగ్ హోములు, పరపతి సంఘాలు నడిపే యాజమాన్యాలకూ, వాటికి సాఫ్ట్‌వేర్ టెండర్లు తయారుచేసే కమిటీలకూ,

నమస్కారం.

నేను నిజాంపేటలో ఉంటాను. పదిహేడేళ్లుగా డేటాబేసులు చూసుకోవడమే నా ఉద్యోగం, దాన్నే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) అంటారు. అందరిలాగే అమీర్‌పేటలో మూడు నెలల కోర్సుతో మొదలుపెట్టాను. ఈమధ్య తెలిసినవాళ్లు కొందరు "ఒకసారి చూసిపెట్టండి" అంటూ టెండర్ కాగితాలు పంపుతున్నారు. దాదాపు అన్నింటిలో ఒకే వాక్యం ఉంటోంది: సిస్టమ్‌కు జీరో డౌన్‌టైమ్, జీరో డేటా లాస్, 100 శాతం హై అవైలబిలిటీ ఉండాలి. అంటే ఒక్క క్షణం ఆగకూడదు, ఒక్క ఎంట్రీ పోకూడదు, ఎప్పుడూ అందుబాటులో ఉండాలని. ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ కొట్టారని ఎలా చెప్పగలనంటే, అవైలబిలిటీ స్పెల్లింగులో ఒకే తప్పు నాలుగు టెండర్లలో కనిపించింది.

ఆ వాక్యం చూడగానే వెండర్ "ఉంది సార్" అంటాడు. ఒక సర్వర్ బదులు రెండింటికి కొటేషన్ ఇస్తాడు. ఒకటి మెయిన్, ఒకటి స్టాండ్‌బై. అది పడిపోతే ఇది లేస్తుందంటాడు. మీరు సంతకం పెడతారు. ఇందులో మోసం ఉందని నేననను. అడిగినదానికి తగ్గ జవాబే అది. మనం అడగడమే సరిగ్గా అడగలేదు.

నేనూ ఒకప్పుడు అలా రెండు సర్వర్లు పెట్టి చేతులు దులుపుకున్నవాణ్నే. ఆ కథ ముందు చెప్పేస్తాను. అందులో తప్పు నాదే కాబట్టి మొహమాటం లేదు.

కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక ల్యాబుకు పనిచేశాను. పాతిక దాకా కలెక్షన్ సెంటర్లు ఉండేవి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, రెండు సర్వర్లు, మధ్యలో మామూలు ఎసింక్ రెప్లికేషన్, అంటే మెయిన్‌లో రాసింది కాస్త వెనకగా స్టాండ్‌బైలోకి కాపీ కావడం. దానిమీద నేనో స్క్రిప్టు రాశాను. అది ఐదు సెకన్లకోసారి మెయిన్‌ను పలకరిస్తుంది. వరసగా మూడుసార్లు పలక్కపోతే స్టాండ్‌బైని మెయిన్‌గా మార్చేస్తుంది. రెండుసార్లు పరీక్షించాను, బ్రహ్మాండంగా పనిచేసింది. పరీక్షించింది ఆదివారం మధ్యాహ్నం, సర్వర్ మీద ఎవరూ లేనప్పుడు.

ఆ తర్వాత ఒక సోమవారం ఉదయం ఏడు దాటింది. ల్యాబులో అప్పుడే అసలు రద్దీ. ఫాస్టింగ్ షుగర్ వాళ్లంతా టీ చుక్క కూడా తాగకుండా లైన్లో ఉంటారు. ఆ తెల్లవారుజామున అకౌంట్స్‌లో ఒకాయన నెలాఖరు లెక్కల రిపోర్టును స్టాండ్‌బై మీద నడపడం మొదలుపెట్టాడు, అది ఖాళీగానే ఉంది కదా అని. ఆయన్ని అనడానికేం లేదు, అలా వాడుకోవచ్చని చెప్పింది నేనే. రిపోర్టు డిస్కును మొత్తం పట్టేసుకోవడంతో మెయిన్ నుంచి వచ్చిన ఎంట్రీలు స్టాండ్‌బైలోకి ఎక్కడం మందగించింది. ఏడుంబావుకల్లా అది పదకొండు నిమిషాలు వెనకబడి ఉంది. సరిగ్గా అప్పుడే మెయిన్ సర్వర్లో డిస్కు కంట్రోలర్ బిగుసుకుపోయింది. చచ్చిపోలేదు, కాసేపు బిగుసుకుపోయిందంతే. నా స్క్రిప్టు మూడుసార్లు పిలిచింది. పలకలేదు. స్టాండ్‌బైకి పట్టాభిషేకం చేసేసింది.

ఆ ల్యాబులో శాంపిల్ నంబరు ఇచ్చేది డేటాబేసే, ఒకదాని తర్వాత ఒకటి. స్టాండ్‌బైకి చివరి పదకొండు నిమిషాల సంగతి తెలియదు. కాబట్టి ఆ పదకొండు నిమిషాల్లో ఇచ్చేసిన నూట నలభై నంబర్లనూ మళ్లీ మొదటినుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. పాత నంబర్ల బార్‌కోడ్‌లు అప్పటికే ట్యూబులకు అతికించేసి ఉన్నాయి. చాలదన్నట్టు రెండు నిమిషాలకు పాత మెయిన్ కోలుకుంది. దానికి అంతకుముందే కనెక్టయి ఉన్న కొన్ని సెంటర్లు అందులోనే రాసుకుంటూ పోయాయి.

తొమ్మిదిన్నరకు ఒక టెక్నీషియన్ అమ్మాయి రెండు ట్యూబులు పట్టుకుని వచ్చింది. రెండూ ఊదా మూతవే, రెండింటి మీదా ఒకే బార్‌కోడ్ నంబరు. ఒకదాని మీద పెన్నుతో "ఆడ, 62" అని ఉంది, రెండోదాని మీద "మగ, 8" అని. "సార్, ఇందులో ఏ రిపోర్టు ఎవరిది?" అంది. నా దగ్గర జవాబు లేదు. మెషీన్లు ఆపించేశాం. పరగడుపున వచ్చి రక్తమిచ్చి, ఇంటికెళ్లి ఇడ్లీ తింటున్నవాళ్లకు ఫోన్లు చేసి, రేపు మళ్లీ ఏమీ తినకుండా రండి అని చెప్పాం. రెండు సర్వర్లలోని లెక్కలు కలపడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ రోజు ఆ స్టాండ్‌బై అసలు లేకపోయి ఉంటే ఏమయ్యేది? లైను రెండు నిమిషాలు ఆగేది, అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎవరైనా డీబీఏలు చదువుతుంటే వాళ్ల కోసం. ఆ పదకొండు నిమిషాల ఎంట్రీలు నిజానికి స్టాండ్‌బై దాకా వచ్చే ఉన్నాయి. రిలే లాగ్‌లో, అంటే వచ్చినవి ఎక్కేదాకా దాచుకునే ఫైలులో పడి ఉన్నాయి, ఎక్కలేదంతే. అవి ఎక్కేదాకా ఆగి అప్పుడు మెయిన్‌గా మార్చు అని స్క్రిప్టులో ఒక్క షరతు పెట్టుంటే సగం గొడవ ఉండేది కాదు. నేను దాన్ని రీసెట్ చేయించి ఆ లాగ్‌నే పారేయించాను.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. రెప్లికేషన్ అంటే మెయిన్‌లో రాసింది ఇంకో సర్వర్లో కూడా రాయడం. కౌంటర్లో అమ్మాయి బిల్లు సేవ్ చేసినప్పుడు, "సేవ్ అయింది" అని మెయిన్ ఎప్పుడు చెప్పాలి? తన దగ్గర రాసుకోగానే చెప్పేస్తే ఎసింక్. స్టాండ్‌బైకి పంపి, అది అందిందన్నాక చెప్తే సింక్. మొదటిది వేగంగా ఉంటుంది, కానీ మెయిన్ కూలిన క్షణానికి దారిలో ఉన్న ఎంట్రీలు పోతాయి. రెండోదాంట్లో ఎంట్రీలు పోవు, కానీ స్టాండ్‌బై మూలిగితే మెయిన్ కూడా దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఒకే ఒక్క సింక్ స్టాండ్‌బై పెట్టి, దాన్ని ఆపేసి చూడండి. మెయిన్ నిక్షేపంగా ఉన్నా కొత్త బిల్లు సేవ్ కాదు. జీరో డేటా లాస్ కోసం రెండు సర్వర్లు కొన్నారు, ఇప్పుడు ఆ రెండింట్లో ఏది పడినా పని ఆగుతుంది. ఒక్క సర్వర్ ఉన్నప్పటికంటే అవకాశాలు పెరిగాయన్నమాట, ఆగిపోవడానికి.

మైఎస్‌క్యూఎల్‌లో సెమీ సింక్ అని మధ్యేమార్గం ఒకటుంది. వెండర్లకు మహా ఇష్టం. అది స్టాండ్‌బై కోసం ఎదురుచూస్తుంది, కానీ ఎంతసేపు? సెట్టింగు మార్చకపోతే 10 సెకన్లు. ఆ తర్వాత విసిగిపోయి, ఎవరికీ చెప్పకుండా మామూలు ఎసింక్‌లోకి దిగిపోతుంది. లాగ్‌లో ఒక లైను పడుతుంది. దాన్ని మీ ఆఫీసులో ఎవరు చదువుతారు? కాగితం మీద జీరో డేటా లాస్ అలాగే ఉంటుంది.

అందుకే రెండు సర్వర్ల లెక్క నాకు నచ్చదు. కనీసం మూడు కావాలి. మెయిన్ ఒకటి, స్టాండ్‌బైలు రెండు, రెండింట్లో ఏ ఒక్కదానికి అందినా సేవ్ అయినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఉంది. ఒక స్టాండ్‌బై పడినా పని ఆగదు, మెయిన్ పడినా ఎంట్రీ పోదు.

మూడు కావాలనడానికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. రెండే ఉన్నప్పుడు మధ్యలో కేబుల్ తెగితే ఎవరు బతికున్నారో ఎవరు చచ్చారో ఆ రెండింటికీ తెలియదు. అవతలివాడు పోయాడనుకుని రెండూ మెయిన్‌లైపోతాయి. ఒక ఒరలో రెండు కత్తులు. నా ల్యాబులో జరిగింది అదే. మూడుంటే ఓటు వేసుకోవచ్చు, ఇద్దరు ఒక మాటంటే మూడోవాడు తప్పుకోవాలి. ప్యాట్రోని అనే టూల్ పోస్ట్‌గ్రెస్‌కు ఈ పనే చేస్తుంది. మెయిన్‌గా ఉన్న సర్వర్ చేతిలో ఒక తాళం ఉంటుంది. దాన్ని 10 సెకన్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయించుకోలేకపోతే 30 సెకన్లలో తాళం చెల్లదు, ఆ సర్వర్ తనంతట తనే దిగిపోవాలి. ఆ తాళం ఉండేది వేరే చోట, ఈటీసీడీ లాంటి చిన్న స్టోర్‌లో. అది కూడా మూడు కాపీలుగా ఉండాలి. అంతేకాదు, మరీ వెనకబడిన స్టాండ్‌బైని మెయిన్ చెయ్యకూడదనే షరతు కూడా ప్యాట్రోనిలో ఉంది. అలాంటి షరతే నేను ఆనాడు రాయలేదు.

మూడూ ఒకే గదిలో పెడితే మాత్రం లాభం లేదు. మన ఊళ్లో సర్వర్ గది ఎక్కడ పెడతారో నాకు తెలుసు. సెల్లార్లో, జనరేటర్ పక్కన, లిఫ్టు గుంతకు రెండడుగుల దూరంలో. 2020 అక్టోబరు వానలకు సెల్లార్లలోకి నీళ్లెలా వచ్చాయో మర్చిపోలేదు కదా. 1908 మూసీ వరద తర్వాత పెద్దవాళ్లు రెండు జలాశయాలు కట్టించారు, ఉస్మాన్ సాగర్ మూసీ మీద, హిమాయత్ సాగర్ ఈసీ మీద. రెండూ ఒకే నది మీద కట్టలేదు. మీరూ కనీసం రెండు బిల్డింగుల్లో పెట్టండి. తాళం మూడో కాపీ ఉండే ఓటు మెషీన్ చిన్నదైనా పర్లేదు, అది మూడోచోట ఉండాలి.

మరి ఆటోమేటిక్‌గా మారాలా, మనిషి మార్చాలా? దీనిమీద వాదనలు ఎప్పుడూ తెగవు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు) వాళ్లకు అమెరికా తూర్పు తీరంలో ఒక ఆప్టికల్ పరికరం మారుస్తుండగా నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. 43 సెకన్లే. వాళ్ల ఆటోమేటిక్ టూల్ మైఎస్‌క్యూఎల్ మెయిన్‌లను పశ్చిమ తీరానికి మార్చేసింది. అది మామూలు స్క్రిప్టు కాదు, ఓటింగు పద్ధతి ఉన్న టూలే. కానీ తూర్పున అప్పటికే రాసిన కొన్ని సెకన్ల ఎంట్రీలు పడమటికి చేరలేదు, ఈలోగా పడమట కొత్తవి పడిపోయాయి. వెనక్కి రావడానికి లేదు. సర్దుబాటు అయ్యేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. డేటా పోకూడదు, ఆలస్యమైనా ఫర్వాలేదని వాళ్లు నిర్ణయించుకున్నారు కాబట్టి అంతసేపు పట్టింది. నేనైనా అదే నిర్ణయం తీసుకునేవాణ్ని. ఆ నిర్ణయం మీ దగ్గర ఎవరు తీసుకుంటారు? తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేస్తే ఎత్తి, "ఐదు నిమిషాల ఎంట్రీలు పోయినా సరే, మార్చెయ్" అనో, "వద్దు, ఆగు" అనో చెప్పగల మనిషి పేరు టెండర్లో ఉందా?

నా పద్ధతి ఇది. ఒకే ఊళ్లో సింక్‌లో ఉన్న సర్వర్ల మధ్య ఆటోమేటిక్‌గా మారనివ్వండి. వేరే ఊళ్లో ఉన్నదానికి మారాలంటే మాత్రం మనిషే చెప్పాలి.

వేరే ఊరికి కూడా సింక్ పెట్టొచ్చు కదా అని ఒక పరపతి సంఘం కార్యదర్శిగారు అడిగారు. మంచి ప్రశ్నే. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబయికి తీగ పొడవు 700 కిలోమీటర్లనుకుంటే, వెళ్లి రావడానికే 7 మిల్లీసెకన్లు. అంతకంటే తొందరగా ఏ వెండరూ తేలేడు. ఒక బిల్లుకు 7 మిల్లీసెకన్లంటే ఎవరికీ తెలియదు. కానీ వడ్డీలు వేసే రోజున 2 లక్షల ఖాతాలకు ఒక్కొక్కటిగా సేవ్ చేస్తే, 14 లక్షల మిల్లీసెకన్లు. అంటే ఇప్పుడు పట్టే టైముకు తోడు ఇంకో 23 నిమిషాలు. ప్రోగ్రామ్ కాస్త మార్చి వెయ్యేసి ఖాతాలకు ఒకసారి సేవ్ చేయిస్తే ఆ భారం సెకనున్నరకు దిగుతుంది, నిజమే. ఆ మార్పు చేస్తారా అని వెండర్ని అడిగి చూడండి. అందుకే దూరానికి ఎసింక్ చాలంటాను. కొన్ని సెకన్ల ఎంట్రీలు పోవచ్చని ముందే ఒప్పుకుని రాసుకోవాలి, దాచకూడదు.

సర్వర్లన్నింటినీ ఒకే గుంపుగా నడిపే గలేరా, గ్రూప్ రెప్లికేషన్ లాంటివి చూపించి "అన్ని సర్వర్లలోనూ రాయొచ్చు సార్" అనే వాళ్లూ వస్తారు. అవి మంచివే, నేనూ వాడాను. కానీ మూడుచోట్ల నుంచి ఒకే రికార్డును ఒకేసారి మార్చబోతే ఒకరి ఎంట్రీ వెనక్కి కొడుతుంది, దానికి మీ సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉండాలి. పైగా గుంపులో మందకొడి సర్వర్ ఒకటుంటే మిగతావి కూడా దానికోసం వేగం తగ్గించుకుంటాయి. మూడున్నా ఒక్కదాంట్లోనే రాయండి.

ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేసులు వాడేవాళ్లకు ఒక్క మాట. లైసెన్స్ చూసుకోండి. ఒరాకిల్‌లో స్టాండ్‌బై నడిపే డేటా గార్డ్ కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషనే ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌లో 2016 వెర్షన్ నుంచి దొరికే బేసిక్ ఎవైలబిలిటీ గ్రూపులో (స్టాండ్‌బై ఏర్పాటు) సర్వర్లు రెండే, గ్రూపుకు డేటాబేసు ఒక్కటే.

ఇప్పుడు అందరికీ చేదుగా అనిపించే మాట. మీలో సగం మందికి ఇవేవీ అక్కర్లేదు. రోజుకు మూడొందల బిల్లులు కొట్టే నర్సింగ్ హోముకు ఒక మంచి సర్వర్, డేటాబేసులో ప్రతి మార్పూ నమోదయ్యే లాగ్‌లు ఎప్పటికప్పుడు వేరేచోటికి పంపే ఏర్పాటు, రోజూ బ్యాకప్, కౌంటర్లో ఒక రశీదు పుస్తకం చాలు. గంటసేపు ఆగితే ఆగుతుంది. 99.9 శాతం అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని అర్థం. 99.99 అంటే 53 నిమిషాల లోపు. ఆ ఒక్క తొమ్మిది అంకె కోసం రెండు సర్వర్లు, వాటిని చూసే ఒక మనిషి జీతం అదనం. ఆ మనిషిని పెట్టుకోలేకపోతే క్లౌడ్‌లో వాళ్లే చూసుకునేది కొనండి. అమెజాన్ క్లౌడ్ వాళ్ల హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది, మూడు జోన్లున్నాయి (విడివిడి డేటా సెంటర్లు). రెండు జోన్లలో సింక్‌లో పెట్టి, పడిపోతే సాధారణంగా 60 నుంచి 120 సెకన్లలో మార్చేస్తారు. ఆ రెండు నిమిషాలు కౌంటర్ ఆగుతుందని వాళ్లే రాసి ఇస్తారు, జీరో అనరు.

రెప్లికేషన్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకని అడగకండి. మీ ఉద్యోగి పొరపాటున ఖాతాదారుల టేబుల్ మొత్తం డిలీట్ చేస్తే, ఆ డిలీట్ కూడా బుద్ధిగా స్టాండ్‌బైకి వెళ్తుంది. సింక్ అయితే ఇంకా గ్యారంటీగా వెళ్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే, గిట్‌హబ్ లాంటి ఇంకో సైటులో వెనకబడిన స్టాండ్‌బైని బాగుచేసే హడావుడిలో ఒక ఇంజనీరు మెయిన్ సర్వర్ ఫోల్డరు చెరిపేశాడు. 300 జీబీలో ఆపేసరికి 4.5 జీబీ మిగిలింది. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజువారీ బ్యాకప్ పాత వెర్షన్ టూల్‌తో నడిచి ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా చేరడం లేదు. అదృష్టం బాగుండి ఒకరు ఆరుగంటల కింద వేరే పనికోసం తీసిన కాపీ దొరికింది. అంత తెలిసినవాళ్లకే అలా అయింది. మీ బ్యాకప్ నుంచి డేటా తిరిగి ఎక్కించి చివరిసారి ఎప్పుడు చూశారో వెండర్ని తేదీతో సహా అడగండి.

కాబట్టి టెండర్లో ఆ వాక్యం కొట్టేసి, దాని స్థానంలో వీటిని రాయమని కోరుతున్నాను. మెయిన్ పడితే ఎన్ని సెకన్ల ఎంట్రీలు పోవచ్చు, ఎన్ని నిమిషాలు పని ఆగొచ్చు అన్నది అంకెల్లో. స్టాండ్‌బై వెనకబడితే ఎవరి ఫోనుకు ఎంతలోగా మెసేజ్ వస్తుంది అన్నది. పాత మెయిన్ తిరిగి లేచినప్పుడు దాంట్లో ఎవరూ రాయకుండా ఏది అడ్డుకుంటుంది అన్నది. మూడు నెలలకోసారి బ్యాకప్ ఎక్కించి చూపించాలన్నది. వీటికి సూటిగా జవాబు చెప్పే వెండర్ ధర కాస్త ఎక్కువున్నా అతన్నే తీసుకోండి.

ఇంకో షరతు బిల్లు చెల్లించే ముందు పెట్టండి. రద్దీ ఉన్న పనిదినం, ఉదయం పదకొండింటికి, ఆదివారం కాదు, మీలో ఒకరు వెండర్‌తో సర్వర్ గదిలోకి వెళ్లి మెయిన్ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ మీ చేత్తో పీకండి. పవర్ కేబుల్ వద్దు, నెట్‌వర్క్‌ది. పీకి, గడియారం చూస్తూ కౌంటర్ దగ్గరకొచ్చి నిలబడండి. బిల్లు ఎప్పుడు పడిందో, ఏ నంబరుతో పడిందో రాసుకోండి. పది నిమిషాల తర్వాత కేబుల్ మళ్లీ పెట్టండి. అప్పుడు మళ్లీ నంబర్లు చూడండి. ఆ పరీక్షకు వెండర్ ఒప్పుకోకపోతే మీకు కావాల్సిన జవాబు వచ్చినట్టే.

నేను చెప్పిన ల్యాబులో ఇప్పుడు శాంపిల్ నంబరు డేటాబేసు ఇవ్వడం లేదు. ఒక్కో కలెక్షన్ సెంటరుకు ఒక్కో సిరీస్‌తో ముందే ప్రింటు చేసిన బార్‌కోడ్ రోల్స్ పంపుతున్నారు. సర్వర్ పడినా ట్యూబు మీద నంబరు మారదు. ఆ ఆలోచన ఏ కన్సల్టెంటుదీ కాదు, రెండు ట్యూబులు పట్టుకొచ్చిన ఆ అమ్మాయిది.

ఇట్లు,
ఒక డీబీఏ,
నిజాంపేట, హైదరాబాద్